ఎవరూ లేని కళ్ళం

"వదినా, అల్లం బాగా దంచి వెయ్యి. ప్లానింగ్ ఆఫీసరుగారు కూడా వచ్చారు!" అని సిలార్ వెనక వరండాలోకి ఒక కేక వేసి, వెళ్ళి మూడో వార్డు మెంబరు కుర్చీలో కూర్చున్నాడు.

మూడో వార్డు మెంబరు మౌలాబీ. పంచాయతీ ఆఫీసు వెనక వరండాలో పాలు పొంగకుండా చూస్తున్నది ఆవిడే. గెలిచిన రోజు దండ ఆవిడ మెడలోనే పడింది. మర్నాటినుంచి కుర్చీ మరిదిదైంది. "మొగుళ్ళున్న మెంబర్లకి మొగుళ్ళొస్తారు, మా వదినకి నేను" అని సిలార్ అంటే, న్యాయమేగా అనుకుంది ఊరంతా. మీటింగు అయ్యాక తీర్మానాల పుస్తకం టీ గ్లాసుల పక్కకి వచ్చేది. ఆవిడ కొంగుకి చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టేది. భర్త పోయాక, తెల్లవెంట్రుకలొచ్చాక, అంగన్‌వాడీ టీచర్ రెబ్కా దగ్గర పలక పట్టి నేర్చుకున్న అక్షరాలవి.

ఈరోజు సంగతి ఊరి చివరి మిరప కళ్ళం. కౌలు రైతులంతా ఏళ్ళ తరబడి అద్దె కట్టి కాయ ఎండబోసుకునే ఆ చేను బిల్డరు లక్ష్మీకాంత్ కొన్నాడు. అక్కడ అపార్టుమెంట్లు లేపుతాడట. సాగుభూమి ఇళ్ళ జోన్‌లోకి మారాలంటే పంచాయతీ తనకేం అభ్యంతరం లేదని చెప్పాలి. సిలార్‌కి ఒక ఫ్లాటు ఇస్తానని మాటిచ్చాడని వంటింట్లో కూడా వినబడింది.

మౌలాబీ టీ పళ్ళెంతో గదిలోకి వచ్చేసరికి కార్యదర్శి తీర్మానం చదువుతున్నాడు. "స్థలం ఖాళీగా ఉన్నది. దీనిపై ఆధారపడి జీవించువారు ఎవరూ లేరు."

ఆవిడ అడుగు ఆగిపోయింది. "ఎప్పుడు చూశారండీ?"

"వానాకాలంలో వచ్చాం కదమ్మా," అన్నాడు ఆఫీసరు నవ్వుతూ. "మీ ఇంట్లోనేగా భోజనం! ఆ నాటుకోడి ఇంకా మర్చిపోలేదు."

కాయ కోతకొచ్చేది సంక్రాంతి దాటాక. వానల్లో కళ్ళంలో గడ్డి తప్ప ఏముంటుంది? ఆ పొద్దున సిలారే అన్నాడు, "నువ్వు పొయ్యి దగ్గర చూసుకో వదినా, కళ్ళం మేం చూపిస్తాం" అని. కళ్ళం తెలిసిన మనిషిని పొయ్యి ముందు కూర్చోబెట్టి, తెలియనివాళ్ళు చూసొచ్చారు. కోడి తిన్నారు, చేతులు కడుక్కున్నారు, ఎవరూ లేరని రాసుకున్నారు. ఎండల్లో పట్టాల మీద ఎర్రటి గుట్టల మధ్య ముక్కుకి గుడ్డ కట్టుకుని, తనతోపాటు రంగుపోయిన తాలుకాయలేరే ఆడవాళ్ళు ఎవరు మరి? పిల్ల పాలకేడిస్తే ఆ మంట చేతులతో ముట్టుకోలేక, నీళ్ళు మోసుకొచ్చినావిడ బిడ్డనెత్తి రొమ్ముకి పట్టిస్తే, చేతులు రెండూ గాల్లో పెట్టుకుని పాలిచ్చే నస్రత్ ఎవరు? పోయిన తన మొగుడు ఖాసిం కూడా ఇంతే. నీళ్ళు, వంట, గేదె, మంచాన పడ్డ అత్త, అన్నీ చక్కబెట్టి కూర్చోబోతుంటే, "రోజంతా ఖాళీగానేగా ఉంటావు, నా చెప్పులు తుడవకూడదూ" అనేవాడు. ఆయనకి ఇల్లు కనపడలేదు, వీళ్ళకి కళ్ళం కనపడలేదు. చూడనిదల్లా ఖాళీయేనా వీళ్ళకి?

పళ్ళెం బల్ల మీద పెట్టింది. "లే సిలారూ. అది నా కుర్చీ."

"నువ్వు కూర్చుంటే టీ ఎవరు పోస్తారు వదినా?" అన్నాడతను. గదంతా నవ్వింది.

"ఎవరికి కావాలంటే వాళ్ళు."

ఆవిడ కుర్చీ వీపు పట్టుకుని అక్కడే నిలబడింది. సిలార్ లేచాడు. ఆవిడ కూర్చుని కాగితం ముందుకు లాక్కుంది. అక్షరం కింద వేలు పెట్టి, పైకే చదవసాగింది.

"సంతకానికి నేర్చుకున్నావనుకున్నా, చదవడానికి కూడానా?" అన్నాడు సర్పంచి నాగేంద్రబాబు.

ఆవిడ తల ఎత్తలేదు. చివరిదాకా చదివి అప్పుడు చూసింది. "దీనికి నేనొప్పుకోను. కోతలప్పుడు మళ్ళీ రండి సార్, భోజనం మూటగట్టుకుని. ఆ రోజు నేను వండను."

సిలార్ వంగి చెవి దగ్గర అన్నాడు. "బాగా ఆలోచించుకో. సాయంత్రానికి ఏ ఇంటికి పోతావో."

ఆ ఇంటి గోడలకి మట్టి మోసింది తనే. అయినా ఎక్కడికి పోవాలో నిజంగానే తెలియదు. కాగితం మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

"అభ్యంతరమైతే రాసుకుంటానండి," అన్నాడు కార్యదర్శి ఇబ్బందిగా. "కళ్ళం మీద బతికేవాళ్ళ పేర్లు చెప్పాలి."

"మొదట నాది రాయి."

అతను పైకే అనుకుంటూ రాశాడు. "షేక్ మౌలాబీ... కీర్తిశేషులు ఖాసిం భార్య... వృత్తి, గృహిణి..."

"అది కొట్టెయ్యి బాబూ," అంది మౌలాబీ. "కాయలేరే కూలీ అని రాయి. రాశాక ఇటివ్వు, చదువుకుంటాను."