నాలుగు ముక్కల గిటారు

నా భార్య ఏరిన దేవదారు పలకను మా అన్నయ్య చెప్పుల అలమారకు కోశాడు. మేం చేసుకోవాలనుకున్న గిటారు పైపలక కోసం ఆమె వేలితో తట్టి, చెవి ఆనించి ఎంచిన చెక్క అది. పన్నెండేళ్లు అటక మీద ఆరింది. ఆమె కన్నుమూసి నెల తిరక్కుండానే రంపం పెట్టాడు.

"చెక్కేగదరా, కొట్లో కొత్తది కొనిస్తాలే" అన్నాడు.

సన్నని ముక్కలు నాలుగు మిగిలాయి. పైపలకకు రెండు ముక్కలు అతికించడం పద్ధతి. నేను నాలుగూ అతికించాను.

"బొంత కుట్టావేంట్రా?" అని నవ్వాడు.

గిటారు తయారయ్యాక, తీగలు బిగించడానికి ఆమె కొని దాచిన ఇత్తడి బిరడాలకు తీగలు చుట్టి మీటాను. అన్నయ్య నవ్వు ఆగిపోయింది.

"మా అమ్మాయికి ఇచ్చెయ్‌రా."

"మీ అమ్మాయిని అలమార వాయించుకోమను, అన్నయ్యా."

ఆ గిటారును ఎవరికీ అమ్మను, ఇవ్వను. అన్నయ్యను క్షమించను. ఈ సంగతి మళ్లీ నా నోట రాదు.