దుప్పటి రెండో కొస

ఇంకో దుప్పటి జాడించి బకెట్లో వేసేసరికి రెబెక్కమ్మకు నడుము పట్టేసింది. హాస్టలు దుప్పట్లు ఆమె ఉతికేది ఆదివారాల్లో. ఇవాళ ఆదివారం కాదు, ఇంజనీరింగు ప్రవేశపరీక్ష ర్యాంకులు వచ్చే రోజు. దుప్పట్ల కోసమంటే ఏ గది తలుపైనా తట్టొచ్చు, ఏ పిల్ల ముఖమైనా చూసి రావొచ్చు. ఎందుకొచ్చావు ఆయమ్మా అని ఎవరూ అడగరు.

మొగుడు పోయాక బిట్రగుంట నుంచి నెల్లూరొచ్చి ఈ కాలేజీలో ఆయాగా చేరింది. పిల్లలకు పేలు చూడటం, జ్వరమొస్తే గంజి కాచివ్వడం, ఇంటిమీద బెంగపడ్డ దాని పక్కన చాప వేసుకుని పడుకోవడం, ఇదే ఆమె ఉద్యోగం.

యాజమాన్యం తొందర చూడండి! ర్యాంకులు రాకముందే ఫ్లెక్సీ కొట్టించారు. మంచి ర్యాంకు ఖాయమనుకున్న పిల్లల ఫోటోలు వేసి, అంకెలకు మాత్రం చోటు వదిలారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట. సన్మానాలకని పిల్లల్ని ఇళ్లకు కూడా పంపలేదు.

పొద్దెక్కాక ర్యాంకులు వచ్చాయి. గేటు దగ్గర టపాకాయలు పేలాయి. కొడవలూరు పిల్ల ప్రత్యూషకు మాత్రం ర్యాంకు లక్ష దాటిపోయింది. కాసేపటికి వాచ్‌మన్ నిచ్చెనెక్కి, ఫ్లెక్సీలో ఆమె ఫోటో మీద తెల్లకాగితం అతికించాడు. పిల్లలంతా కిటికీల్లోంచి చూస్తూనే ఉన్నారు. ఆ పని చెప్పినవాళ్ల చేతులు పడిపోను అని రెబెక్కమ్మ తిట్టుకుంది. ప్రత్యూష గదికి వెళ్తే మంచం ఖాళీ. స్నానాల గదుల్లో లేదు, మెస్సులోనూ లేదు. మేడమీది తలుపు గడియ తీసి ఉంది.

ఆమె పైకి పరుగెత్తబోయి ఆగింది. వెనక్కొచ్చి దుప్పట్ల బకెట్టు ఎత్తుకుంది. వట్టి చేతులతో వెళ్తే పిల్ల బెదిరిపోతుంది.

అడుగుల చప్పుడుకు ప్రత్యూష నీళ్ల ట్యాంకు చాటునుంచి ఇవతలికి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. కేకేస్తే ఏమవుతుందో, దగ్గరికి పోతే ఏమవుతుందో రెబెక్కమ్మకు తెలియలేదు.

“మే ప్రత్యూషా, ఈ కొస పట్టుకో. నా ఒక్కదానివల్ల కావడంలా.”

పిల్ల కదల్లేదు. తడిదుప్పటి కొస చాచి రెబెక్కమ్మ అలాగే నిలబడింది. నీళ్లు కారి చీర తడిసిపోతోంది. ఏసయ్యా, ఏసయ్యా అని లోపల ఒకటే మొర. ఆదివారాల్లో ఆమెతో కలిసి దుప్పట్లు పిండేది ఈ పిల్లే. చివరికి అలవాటుపడ్డ చేతులు ముందుకొచ్చాయి. ఇటు ఆమె, అటు పిల్ల మెలిపెట్టారు. మెలి బిగిశాక ఒకరు వదిలితే రెండోవారు వెల్లకిలా పడాల్సిందే. పిల్ల వదల్లేదు. ఆఖరి దుప్పటి పిండుతుండగా బావురుమంది.

“మా నాయనకు ఏం చెప్పాల ఆయమ్మా?”

“నువ్వేం చెప్పబాక. నేను మాట్లాడతా.”

మధ్యాహ్నం తండ్రి మధుబాబు మండిపడుతూ వచ్చాడు. రెబెక్కమ్మ అతన్ని గేటు దగ్గరే ఆపింది.

“దారిలో ర్యాంకు మాట ఎత్తబాక నాయనా. రాత్రికి బిడ్డ పక్కన వాళ్లమ్మను పడుకోమను.”

అతను ఆమె ముఖం చూసి చల్లబడ్డాడు. సరే అక్కా అన్నాడు. పిల్ల వట్టి కాళ్లతోనే తండ్రి మోటారుసైకిలు ఎక్కి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

సాయంత్రం రెబెక్కమ్మ ఆరిన దుప్పట్లు తీయడానికి పైకెళ్లింది. పిల్ల ఊరికే గాలికి వచ్చిందేమో, నేనే హడలిపోయినానేమో అని తనకు తానే సర్దిచెప్పుకుంటూ వాటిని మడిచింది. దండెం చివర గాలికి ఎగిరిపోయిన దుప్పటి కోసం ట్యాంకు అవతలికి తిరిగింది.

అక్కడ పిట్టగోడ మొదట్లో, వీధివైపుకు తిప్పి, ఒకదాని పక్కన ఒకటి పొందికగా విడిచిన నీలం చెప్పులు.