దగ్గుమందు మూత ఏలిన రాజ్యం

నేను ఒక దగ్గుమందు సీసా మూతని. నవ్వకండి, రాజ్యం ఏలినవాణ్ణి.

నాతో పుట్టినవాళ్ళంతా చెత్తకుప్పల పాలయ్యారు. నేను మాత్రం విశాఖ జాలరిపేటలో వలలు బాగుచేసే ఎర్రయ్య దగ్గు పుణ్యమా అని ఆయన ఇంట్లో పడ్డాను. గచ్చు మీద సుద్దముక్కతో గీసిన చదరంగంలో రాజు ఎప్పుడో తప్పిపోయాడట. ఆ ఉద్యోగం నాకిచ్చాడు. నా మంత్రి, పని అయిపోయిన బ్యాటరీ. బంట్లు గవ్వలు. దర్బారుకి వంకలు పెట్టే స్థితి నాది కాదు.

ఎర్రయ్య తన మనవరాలు నూకాలుకి నేర్పింది పాతకాలపు ఆట. అందులో రాజు ఒక్కసారి గుర్రంలా గెంతవచ్చు. నాకది మహా ఇష్టం. ఆ గెంతుతోనే నూకాలు పేటనంతా ఓడించింది.

జిల్లా పోటీలకి నన్ను జేబులో వేసుకుని వెళ్ళింది. అక్కడ అందరివీ నున్నటి కర్ర రాజులు. నాకు ఒళ్ళు మండిపోయింది. మొదటి ఆటలోనే చిక్కులో పడిన నూకాలు, ధీమాగా రాజును గెంతించింది.

అంపైరు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ఇది ఏ ఊరి ఆటమ్మా?"

హాలంతా గొల్లుమంది. రాజును ముట్టుకుంది కాబట్టి రాజునే జరపాలన్నాడు. మిగిలింది ఒక్క గడే. అక్కడికి జరిపింది, మరుసటి ఎత్తుకే ఆటకట్టు.

ఎర్రయ్య సందు మొదట్లోనే కాచుకుని ఉన్నాడు. "గెలిసీసినావేటే?"

"గెలిసీసినాను తాతా. నీ గెంతుతోటే."

"మరి కప్పేదే?"

"వచ్చే ఏడు ఇత్తారట."

ఇక చూడండి అవస్థ! ఏడాది తిరిగేలోగా కప్పు తేవాలి. డ్రిల్లు మాస్టారి దగ్గర అసలు రూల్సు నేర్చుకుని, పట్టుబట్టి తెచ్చింది. ఆ తర్వాత రాష్ట్రం, ఆపైన దేశం. ఎర్రయ్య మాత్రం ఆ మొదటి ఆట తన గెంతే గెలిపించిందని కనబడ్డవాడికల్లా చెప్పేవాడు.

చివరికి ఆమె కథను సినిమా తీస్తామని వచ్చారు. మొదటి ఓటమి సంగతి వినగానే డైరెక్టరు ఎగిరి గంతేశాడు. "ఇంటర్వెల్ సీను దొరికిందమ్మా!"

నూకాలు ముఖం పాలిపోయింది. తాత సినిమా చూస్తాడు కదా.

"ఆ గెంతుతో గెలిచినట్టు తియ్యండి సార్."

"అది రూలు కాదు కదమ్మా. ఆట తెలిసినవాళ్ళు నవ్వుతారు."

"నన్నే కదా సార్. నవ్వుకోనియ్యండి."

నా వేషం ఓ కొత్త మూతకిచ్చారు. పేదరికం కనబడాలని దానికి మసి పూశారు. ఆ అవమానం అలా ఉంచండి. రిలీజు రోజు నేను నూకాలు గుప్పిట్లో ఉన్నాను. తెర మీద రాజు గెంతాడు. ఎర్రయ్య లేచి నిలబడి ఈల వేశాడు. వెనక వరసలో చదరంగం ఆడే పిల్లలు పకపకా నవ్వారు.

ముసలాయన మెల్లగా కూర్చుని మనవరాలి వైపు వంగాడు.

"ఆల్లెందుకే నవ్వుతున్నారు? ఆ రోజు అంపైరు ఏటీ అన్లేదేటి?"

నూకాలు నన్ను గట్టిగా నొక్కింది.

"అన్నాడు తాతా. శభాషన్నాడు."