భుజం మీద చెయ్యి

పెళ్లై పంతొమ్మిది రోజులు. బండి మీద కోరుట్లకు పోతుంటే అజయ్ నడుము పట్టుకుని కూర్చోవడమే నాకు పండుగ. మామ ఎక్కిన బస్సు వెనకే వస్తోందని గుర్తొచ్చినప్పుడల్లా చెయ్యి తీసేసేదాన్ని.

స్టూడియోలో చంద్రమౌళి పాత ఫొటోను కంప్యూటర్లో పెద్దది చేశాడు. 1979లో, మామ అన్న సమ్మయ్య దుబాయ్ పోయే రోజు ఇక్కడే దిగింది. ఆయన మీదున్న కోటు, చేతి గడియారం స్టూడియోవేనట! నాకు నవ్వాగలేదు. కుర్చీల్లో మామ తల్లిదండ్రులు, తాత, లస్మవ్వ. వాళ్ల వెనక, తల్లి భుజం మీద చెయ్యేసి సమ్మయ్య. కింద చాప మీద ఎనిమిదేళ్ల మామ. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. కూర్చున్నవాళ్లు చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నారు, అప్పటి ఫొటోగ్రాఫర్ చెప్పినట్టే.

లస్మవ్వకు ఉన్న ఫొటో ఇదొక్కటే. రేపు కొత్త ఇంట్లో తాత ఫొటో పక్కన ఆమెది పెట్టాలి.

"అమ్మ ఒక్కతే రావాలె. భుజం మీద గా చెయ్యి తీసెయ్," అన్నాడు మామ.

"మీ అన్న చెయ్యే గద మైసన్నా?" అన్నాడు చంద్రమౌళి.

"అమ్మ సచ్చిపోతే మట్టికి రానోడు అన్నెట్లయితడు?"

"పాస్‌పోర్ట్ అరబ్బోని తాన ఉండె. ఎట్లస్తడు?"

"ఫొటోలు చేసుకో. తీర్పులు చెప్పకు."

నేను తెర దగ్గరకు వంగాను. లస్మవ్వ ఎడమ చెయ్యి ఒక్కటే మోకాలి మీద ఉంది. కుడిచెయ్యి కొంగు చాటునుంచి పైకి పోయి, కొడుకు వేళ్లను బిగించి పట్టుకుంది.

"మామా, జర చూడు. పెద్దమామ చెయ్యిని అవ్వనే పట్టుకుంది. అది తీస్తే అవ్వ వేళ్లు గూడ పోతయి."

"అజయ్, నీ పెండ్లాన్ని బయట నిలబెట్టు. నిన్నగాక మొన్న అచ్చి మా అమ్మ సంగతి నాకు చెప్తది!"

అజయ్ తల వంచుకున్నాడు. నేను కదల్లేదు.

"మెడ కాడికి కొయ్యి. మొఖం సాలు," అన్నాడు మామ.

మర్నాడు ముఖం ఒక్కటే హాల్లో గోడకెక్కింది. చూడ్డానికి వచ్చిన పక్కింటి శంకరవ్వ గడపలోనే ఆగిపోయింది.

"ఏందిరా మైసా, మీ అమ్మ గట్ల గుడ్లురుముతున్నది? నిన్నేనా?"

బిగించిన ఆ పెదవులు ఏడుపు ఆపుకుంటున్నవి. కొడుకు చెయ్యి పక్కనుంటే ఎవరికైనా తెలిసేది.

స్టూడియోలో తెర మీంచి తీసుకున్న మొత్తం ఫొటో నా ఫోన్లో ఉంది. మామ అడిగితే చూపిద్దామని ఉంది. ఆయన నాతో మాట్లాడడు. అన్నం కూడా ఇప్పుడు అవ్వ ఫొటో కనబడని వంటింట్లోనే తింటున్నాడు.