వదినగారి గిటారుకి నాలుగో రంగు

గిటారు మూడోసారి వెనక్కి వచ్చేసరికి రంగులావిడకు ఒళ్లు మండిపోయింది. తెచ్చింది బయటివాళ్లయితే నాలుగు మాటలు అనేసి పంపేది. వచ్చింది మొగుడి అక్క.

ఒళ్లో పెట్టుకుని ఉక్కు కడ్డీతో వాయించే స్టీల్ గిటార్లు ఆ దుకాణంలో తయారవుతాయి. చెక్కపని మొగుడిది. రంగూ మెరుగూ ఆవిడవి.

వదినగారు మొదట ముత్యపు తెలుపు అడిగింది. వారం తిరక్కుండానే "మరీ పాలిపోయినట్టుందమ్మాయ్" అంది. అదంతా గీకి, మెరుపు రజను కలిపిన ఎరుపు వేస్తే "సర్కస్ డేరాలా ఉంది" అంది. మూడోసారి నడుమ తేనెరంగు, అంచులకు పోనుపోను నలుపు. ముక్కుకి గుడ్డ కట్టుకుని పూత మీద పూత వేసి, భుజాలు పడిపోయేలా రుద్ది అద్దంలా మెరిపించింది రంగులావిడ.

"ఇది కూడా ఎందుకో..." అంటూ వదినగారు గిటారు పెట్టెను బల్ల మీద పెట్టింది.

"రంగు నచ్చలేదా వదినా?"

"రంగు బాగానే ఉంది. కానీ నచ్చలేదు."

రంగులావిడ మొగుడి వైపు చూసింది. ఆయన "మీరూ మీరూ చూసుకోండి" అనేసి చెక్క కోసే మిషను ఆన్ చేశాడు. అక్క ముందు ఏనాడూ నోరెత్తని మనిషి, మిషను చేత మాత్రం బాగానే అరిపించాడు.

రంగులావిడ వెళ్లి దాన్ని ఆపేసింది. "ఒక్కసారి వాయించండి వదినా. దేనికి బాగాలేదో నేనే చూస్తాను."

వదినగారు స్టూలు మీద కూర్చుంది. కడ్డీ తీగల మీద జారింది. పాట అందుకుందో లేదో మూతి బిగించింది, తల పక్కకు తిప్పుకుంది, స్వరం తప్పి ఆగిపోయింది.

రంగులావిడ వెనకనుంచి వంగి చూసింది. తీగల కింద తేనెరంగులో వదినగారి ముఖం, రెండో గడ్డంతో సహా.

"మీ ముఖం కనిపిస్తోందనా?"

వదినగారు కడ్డీ పక్కన పెట్టింది. "వాయిస్తుంటే నాకు నోరు తెరుచుకుంటుందమ్మాయ్. ఇన్నేళ్లూ తెలీనే లేదు. పాత గిటారు మాసిపోయి ఉండేది కదా. ఇప్పుడు పాటంతా ఆ నోరే చూస్తున్నా."

"ఆ ముక్క మొదటే చెప్పకూడదా వదినా! ఎన్ని రంగులు గీకించారు నాతో!"

"ఏమని చెప్పను? నా మొహం నాకే నచ్చలేదని చెప్పనా?"

రంగులావిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపం మాత్రం సగం దిగింది. సన్నటి గరుకు కాగితం నీళ్లలో ముంచి, రంగు జోలికి పోకుండా పైమెరుపు ఒక్కటే చంపింది. సాయంత్రానికి తేనెరంగు అలాగే ఉంది. అందులో ముఖం లేదు.

వదినగారు మళ్లీ వాయించింది. నోరు ఇంతలా తెరుచుకుంది. ఆమెకు ఆ ధ్యాసే లేదు. తమ్ముడు చేతిలో పని పక్కన పెట్టి విన్నాడు.

పాట అయ్యాక ఆమె గిటారును ప్రేమగా నిమిరింది. "బాగుందమ్మాయ్. కాకపోతే ఈ అంచుల నలుపు కాస్త..."

రంగులావిడ గిటారును ఆమె ఒళ్లోంచి తీసుకుని, పెట్టెలో పెట్టి, మూత బిగించి చేతికిచ్చింది.

"వెళ్లి రండి వదినా."