కోడళ్లకే చెప్పే మాట

రుయిచిన్ పెరట్లో అడుగుపెట్టగానే గుయిలాన్ చూపు మనిషి కంటే ముందు మొక్క మీద పడింది. ఆకులు నవనవలాడుతున్నాయి. హెజె ఊళ్లో పియనీ పూలమొక్కలన్నీ విరగబూస్తున్న రోజులవి. దీనికి మాత్రం ఒక్క మొగ్గ లేదు.

రుయిచిన్ ఆమెకు ఆడపడుచు. తల్లికి ఇష్టం లేని పెళ్లి చేసుకుని వెళ్లిపోయి, మళ్లీ పుట్టింటి గడప తొక్కింది తల్లి పోయిన రోజునే. పదకొండేళ్లయింది. ఇప్పుడు కడుపులో క్యాన్సరు, డాక్టర్లు చేతులెత్తేశారు. వదిన తెచ్చిన నువ్వుల రొట్టెను వాసన చూసి పక్కన పెట్టింది.

"అది అమ్మ మొక్కే వదినా. ఆవేళ నీకు చెప్పకుండా ఓ ముక్క తవ్వుకొచ్చేశా. ఇన్నేళ్లూ పిల్లని సాకినట్టు సాకా. ఒక్క పువ్వు పుయ్యలేదు. అమ్మకి నా మీద కోపం తీరలేదు."



గుయిలాన్ అత్తింట్లో పూల పని కోడళ్లకే నేర్పేవారు. కూతురు రేపు పరాయి ఇంటికి పోయేది, విద్యను కూడా మూటగట్టుకుపోతుందని పాదుల దగ్గరికి రానిచ్చేవారు కాదు. అందుకే వసంతంలో దుంప విడదీసి నాటిన పియనీ ముసలిదైనా పూయదన్న సంగతి గుయిలాన్‌కు తెలుసు, కడుపున పుట్టిన రుయిచిన్‌కు తెలియదు. అత్తగారు పోయింది వసంతం మొదట్లో. ఆడపడుచు పార పట్టుకుని తవ్వుతుంటే గుయిలాన్ వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉంది. మంచాన పడ్డ ముసలావిడకు ఏళ్ల తరబడి చాకిరీ చేసింది తను, ఆఖర్న ఏడుస్తూ వచ్చి అందరి జాలీ కొట్టేసింది ఈవిడ. పట్టుకుపో, ఏం పూస్తుందో చూస్తానుగా అనుకుంది. పాడుబుద్ధి, అంతకంటే ఏమంటాం.

"కోపం అత్తయ్యది కాదు రుయిచిన్. నాది."

చూసి కూడా నోరు మెదపలేదని చెప్పింది. ఇన్నేళ్లూ మింగేసిన ఇంకో మాటా చెప్పింది. కోతలయ్యాక రుయిచిన్‌కి ఒక దుంప తీసివ్వమని అత్తగారు ఊపిరి పోయేముందు అన్నది.

రుయిచిన్ తిట్టలేదు. అమ్మ అలా అందా అని రెండుసార్లు చెప్పించుకుంది. మొక్కకేసి చాలాసేపు చూసింది.

"అయితే ఈసారి కోతలయ్యాక తెచ్చియ్యి వదినా."

కోతలకు ఇంకా అయిదు నెలలుంది. అన్నాళ్లు లేవని ఇద్దరికీ తెలుసు. గుయిలాన్ తెస్తానంది.

మాట తప్పలేదు. మొక్కజొన్న కోతలవగానే దుంప తవ్వి, నీడన ఆరబెట్టి, గడ్డిలో చుట్టి రైలెక్కింది. ఆ పెరట్లో ఇప్పుడు రుయిచిన్ కూతురు యుయాన్ ఒక్కతే ఉంది. గుయిలాన్ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, కూతుళ్లకు చెప్పకూడనివన్నీ చెప్పింది. దుంప మీది మొలక కళ్లు పైకుండాలి, పైన రెండు వేళ్ల మట్టి చాలు, వసంతంలో పార తాకించకూడదు.

యుయాన్ మట్టి సర్దుతూ ఆగింది. "మరి అమ్మకి ఇవన్నీ ఎవరూ చెప్పలేదా అత్తయ్యా?"

"నేను చెప్పలేదు," అంది గుయిలాన్.