నూకరత్నం ముప్పై ఎనిమిది తప్పులు

నేను ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ని. ఏ దేశంలో పుట్టానో వీపు మీద స్టిక్కర్‌లో ఉండేది, అది ఎప్పుడో ఊడిపోయింది. సామర్లకోట స్టేషన్ రోడ్డులో ఒక ఇంటర్నెట్ సెంటర్లో ఆరేళ్లు చాకిరీ చేశాను. పరీక్షా ఫలితాలు చూసి ఏడ్చినవాళ్లనీ, గంతులేసినవాళ్లనీ ఒకే మొహంతో చూశాను. ఆ సెంటర్ మూతపడ్డాక టైలర్ నూకరత్నం నన్ను తెచ్చి కుట్టుమిషను పక్కన పెట్టింది. జాకెట్ డిజైన్లు చూసుకోవడానికేనని అందరికీ చెప్పింది.

పాత యజమాని నాలో ఒక చదరంగం సాఫ్ట్‌వేర్ వదిలేసి పోయాడు. ఒక మధ్యాహ్నం బేరాల్లేక ఆవిడ దాన్ని తెరిచింది. చిన్నప్పుడు అన్నలు ఆడుతుంటే పక్కన కూర్చుని చూసేదట, పావు ముట్టుకోనిచ్చేవారు కారట. మొదటి ఆట పదకొండు ఎత్తుల్లో నా చేతిలో ఓడిపోయింది. “ఓర్నాయనో, ఇంత గట్టిదానివా!” అని నవ్వి, మళ్లీ పావులు పేర్చింది.

ఏడాది తిరిగేసరికి ఆడడంకంటే, ఎదుటివాళ్లు విప్పాల్సిన చదరంగం చిక్కులు కట్టడం మీదికి ఆవిడ మనసు మళ్లింది. ‘తెల్లపావులతో మూడు ఎత్తుల్లో ఆటకట్టు’ అని రాసి, షేర్ నొక్కి, నాలుగొందల మంది ఉన్న ఆన్‌లైన్ గ్రూపులో పెట్టేది. మొదటి ఎత్తులోనే మంత్రిని బలివ్వాల్సిన చిక్కు ఒకటి పెడితే రెండు రోజులు ఎవరికీ అంతుచిక్కలేదు. మూడో రోజు ఆదోని నుంచి గ్రూపు పెద్ద ఖాజా మాస్టారు జవాబు పట్టుకుని, కింద ఇలా రాశారు: “ఇంత అందమైన చిక్కు టైలరమ్మ కట్టిందంటే నేను నమ్మను. సాఫ్ట్‌వేరే చేసిపెట్టింటాది.” ఆదివారంలోగా సొంతమని రుజువు చూపకపోతే గ్రూపు నుంచి తీసేస్తామన్నారు.

ఆ రోజు నూకరత్నం ఒక జాకెట్‌కు రెండు చేతులూ కుడివైపువే కుట్టేసింది. ఆవిడ భర్త, లైన్‌మన్ బాబ్జీ, చూసి జాలిపడ్డాడు.

“ఎవడో ఏదో అన్నాడని ఏడుత్తావేంటే? ఒగ్గెయ్.”

“ఒగ్గెయ్యలేనండీ. అది నాదండీ.”

నిజం నాకు తెలుసు, చెప్పడానికి నోరు లేదు. ఆ ఒక్క చిక్కు కోసం ఆవిడ చేసి, కుదరక వదిలేసిన ప్రయత్నాలన్నీ తేదీలతో సహా నాలో ఉన్నాయి. మొత్తం ముప్పై ఎనిమిది. ఒకదానిలో నల్లరాజు మూలనుంచి తప్పించుకుపోతాడు. ఒకదానిలో తెల్లవైపు ఎనిమిదికి బదులు తొమ్మిది బంట్లున్నాయి. వాటిని ఎవరికైనా చూపించాలంటే ఆవిడకు తల కొట్టేసినట్టుండేది. శనివారం మధ్యాహ్నం అన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసుకుంది. “ఇయేనండీ నా తప్పులు. సాఫ్ట్‌వేరైతే ఇన్ని చెయ్యదు గదండీ” అని రాసి, కళ్లు మూసుకుని షేర్ నొక్కింది.

గంటలో గ్రూపు నిండా తొమ్మిది బంట్ల మీద నవ్వులే నవ్వులు. ఆ నవ్వుల మధ్యే ఖాజా మాస్టారి నుంచి ఫోనొచ్చింది.

“అమ్మా, తప్పు మాట్లాడినాను, మన్నించండి. ముప్పై ఏండ్లు లెక్కలు చెప్పినా. పిల్లోళ్ల తప్పులు చూసే ఎవరు సొంతంగా చేసినారో కనిపెట్టేవాణ్ణి. మీ కాడికొచ్చేసరికి ఆ మాటే మర్చిపోయినా.”

నూకరత్నం ఫోను స్పీకర్‌లో పెట్టి నా ముందు కూర్చుంది. మాస్టారే మళ్లీ అందుకున్నారు.

“ఆ పందొమ్మిదోది ఎందుకు పక్కన పెట్టినారు?”

“దానికి రెండు జవాబులొచ్చేత్తన్నాయండీ. ఒకటే ఉండాలి గదండీ.”

“నల్లబంటును ఒక గడి కిందికి దించి చూడండమ్మా.”

ఆవిడ దించింది. నేను లెక్కగట్టాను. ఒకటే జవాబు! నూకరత్నం కేకకు జాకెట్ కొలతలివ్వడానికొచ్చిన ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆదివారం ఆ చిక్కు ఇద్దరి పేర్లతో గ్రూపులోకి వెళ్లింది. నా ఫ్యాను ఈమధ్య గుర్రుపెడుతోంది, పాత సామాన్లవాడు రెండుసార్లు నావైపు ఆశగా చూసిపోయాడు. అయినా ఇప్పుడు నన్ను కదిలించేవాళ్లెవరు? ఆ చిక్కు జవాబు నాకు తెలుసు, నన్నడిగితే అరక్షణంలో చూపించేస్తాను. మనుషులు మాత్రం తెలియకుండా ఉండడంలోనే సుఖపడుతున్నారు. నాలుగు రోజులుగా బాబ్జీ భోజనానికొచ్చి, అన్నం కంచం ఒళ్లో పెట్టుకుని, నా తెర మీద ఆ చిక్కునే చూస్తూ కూర్చుంటున్నాడు.

“ఏమే, ముందు కదపాల్సింది ఏనుగే గదా?”

“చెప్పనండీ” అంది నూకరత్నం, మిషను ఆపకుండానే.